బొరుసు లేని రూపాయి

కర్నూలు,
12 జూన్ 1955.

చిరంజీవి సౌభాగ్యవతి ప్రమీలకు మీ వదిన సుందరలక్ష్మి దీవెనలు. ఇక్కడ మీ అన్న, నేను, పిల్లలు బాగున్నాము. అక్కడ మీ ఆయన పెద్దసుబ్బయ్య అన్నయ్య, నువ్వు కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నేను డాలరు పంపమని రాశాను. నువ్వు డాలరే పంపావు. తప్పు నీది కాదు, ఆ మాటది. లక్ష్మీదేవి బొమ్మ ఉన్న గొలుసు డాలరు నాకెందుకమ్మా? నేనడిగింది మీ ఊరి నర్సు ఏసుమణి నీకిచ్చిన అమెరికా వెండి నాణెం. దాని పేరే డాలరు. ఒకవైపు ఆడమనిషి తల, ఒకవైపు గద్ద ఉంటాయని నువ్వే రాశావు. నీ మెడలో ఉండవలసింది ఇక్కడికి వచ్చేసరికి మీ అన్నకు నవ్వీ నవ్వీ పొరబోయింది. దాన్ని దూదిలో చుట్టి మన అంగడి గుమాస్తా శేషన్న చేత తిరిగి పంపుతున్నాను.

దానితోపాటు ఇంకొక పొట్లం ఉంది. అది డాలరుకు బదులు. మనది మొదటినుంచీ నాణేనికి నాణెమే కదా. పొట్లం విప్పేముందు ఇది చదువు. అది బోడిరాజు రూపాయి. కిరీటం లేని ఎడ్వర్డు రాజు. మీ అంగడికి కరిగించడానికి వచ్చే పాతవెండిలో అలాంటివి గంపలకొద్దీ చూసి ఉంటావు. కానీ దీన్ని తిప్పి చూడు. బొరుసు ఉండదు. బొరుసు ఉండవలసిన చోట మళ్లీ అదే రాజు ముఖం, అద్దంలో చూసినట్టు ఎడమది కుడిగా, లోపలికి దిగి ఉంటుంది. మా ముందుగదిలో అద్దెకున్న సుందరం గారు ట్రెజరీలో పనిచేస్తారు, నాణేల పుస్తకాలు తెప్పించుకుంటారు. ఆయన చెప్పారు. ఠంకశాలలో ఒక రూపాయి కొట్టాక అది యంత్రానికే అంటుకుని ఉండిపోయిందట. తర్వాతి వెండిబిళ్ల దానిమీద పడింది. అందుకే ముందు రూపాయి ముఖం దీని వీపు మీద గుంటలాగా దిగింది. పుస్తకంలో అచ్చుతప్పు ఉన్నట్టే ఇది రూపాయిలో అచ్చుతప్పు. నేను దీన్ని అచ్చుతప్పు రూపాయి అంటాను. బేతంచెర్లలో మా పిన్నమ్మ పెట్టెలో దొరికింది. నీకివ్వడానికి నాకు చేతులు రాలేదు. డాలరు మీద ఆశ లాగింది.

అంచులు పట్టుకునే చూడు. చింతపండుతో తోమవద్దు, విబూదితో రుద్దవద్దు. ఆ నలుపే దాని వయసు. మెరిపించావంటే మామూలు బిళ్లయిపోతుంది. బెజ్జం వేయించడం, కొక్కెం అతికించడం అన్న మాటే తలపెట్టకు.

ఆశీస్సులతో,
సుందరలక్ష్మి.

కడప,
22 జూన్ 1955.

వదినకు ప్రమీల నమస్కారాలు.

పొట్లాలు రెండూ అందాయి. నీ డాలరు, అంటే గద్ద బొమ్మ డాలరు, శేషన్న చేతికే ఇచ్చాను. చింతపండు తగలనివ్వలేదు. దాన్నిచ్చేటప్పుడు ఏసుమణి ఎంత సంబరపడిందో తెలుసా! అమెరికా డాక్టరమ్మ వెళ్లిపోతూ ఆమెకిచ్చిందట. "నా కాడ ఉంటే పెట్టెలో నల్లబడతాది ప్రమీలమ్మా, మీరైతే దాని ముఖం చూస్తారు" అంది. కర్నూలుకు పోతుందని చెప్పాను. ఏమీ అనుకోలేదు.

నీ అచ్చుతప్పు రూపాయిని మా ఆయన గీటురాయి మీద గీస్తానంటే చేతిలోనుంచి లాక్కున్నాను. "ఏందిమే, మీ వదిన ఒక్క రూపాయి పంపి డాలరు కొట్టేసె. తెల్లోళ్లు గూడా ఇంత గట్టి బేరం చెయ్యరు" అంటున్నాడు. నీకు చెప్పమన్నాడు, చెప్పాను.

నాకు మాత్రం నచ్చింది వదినా. లోపలికి దిగిన ఆ ముఖాన్ని వేలితో తడిమితే ఒళ్లు జలదరిస్తుంది. ఎవరో లోపలనుంచి చూస్తున్నట్టు ఉంటుంది.

ఇట్లు,
ప్రమీల.

కడప,
1 ఆగస్టు 1955.

వదినకు నమస్కారాలు.

వరలక్ష్మీ వ్రతం బాగా జరిగింది. నీకు ఒక ముచ్చట చెప్పాలి. కలశం ముందు వెండి రూపాయలు పేర్చాను కదా, నీది కూడా వాటిలో పెట్టాను. పేరంటానికి వచ్చిన ఎదురింటి వెంకటేశ్వరమ్మ కంట పడింది.

"ఏమక్కా, ఈ రూపాయికి గుంట పడిండాదే?"

"అది అచ్చు రూపాయక్కా. మా వదిన ఇచ్చింది."

"అచ్చంటే? దీంతో అచ్చు ఏస్తారా?"

నాకు ఉత్సాహం వచ్చింది. నైవేద్యం పెట్టిన చలిమిడి ముద్ద ఒకటి అరచేతిలో అదిమి, దానిమీద నీ రూపాయి నొక్కి తీశాను. వదినా, రాజు ముఖం పైకి లేచి వచ్చింది! ముక్కు, గడ్డం, మీసం. కాకపోతే తల వెనకభాగం రాలేదు. నీ రూపాయి మీద గుంట ఒక పక్కకు జరిగి పడింది చూశావా, రాజు బుర్ర వెనకభాగం, దాని పక్కనున్న ఇంగ్లీషు అక్షరాలు అంచు దాటి పోయాయి. వెంకటేశ్వరమ్మ ఊరుకుంటుందా? "పాపం, చవరం చేసినోడు బుర్ర గూడా గొరిగేసినాడే" అంది. నవ్వలేక చచ్చాము. అందరూ "నాకూ ఒకటి, నాకూ ఒకటి" అన్నారు. వచ్చిన ప్రతి పేరంటాలికీ వాయినంలో బుర్రలేని రాజును వేసి ఇచ్చాను. మా వీధంతా ఎడ్వర్డు రాజును తినేసింది.

రూపాయిని మెత్తటి మల్లుగుడ్డతో తుడిచి దాచాను. కోప్పడవు కదా?

ప్రమీల.

కర్నూలు,
9 ఆగస్టు 1955.

చిరంజీవి ప్రమీలకు,

కోప్పడతాను. చలిమిడిలో బెల్లం ఉంటుంది, నెయ్యి ఉంటుంది. గుంటల్లో చేరితే చీమలు పడతాయి. గోరువెచ్చటి నీళ్లలో ముంచి తియ్యి. రుద్దవద్దు.

ఇంకొకటి. నేను నీకు అచ్చుతప్పు రూపాయి అని రాశాను. నువ్వు "తప్పు" తినేసి అచ్చు రూపాయి అంటున్నావు. వినేవాళ్లు ఇంకేదో అనుకుంటారు. మాట పూర్తిగా పలుకు. లేకపోతే అసలు పలకకు. కలశం ముందు పెట్టి నలుగురికీ చూపించే వస్తువు కాదది.

ఈ ఊళ్లో రాజధాని వచ్చినప్పటినుంచీ నీళ్లకు, ఇళ్లకు, కూరగాయలకు అన్నిటికీ కరువే. మీ అన్న ఆఫీసులకు కాగితాలు, సిరాబుడ్లు సరఫరా చేసే పని కోసం తిరుగుతున్నాడు. వస్తే మాకు మంచిరోజులు.

సుందరలక్ష్మి.

కడప,
20 సెప్టెంబరు 1955.

వదినా,

తొందరలో రాస్తున్నాను. అక్షరాలు సరిగా లేకపోతే సర్దుకుని చదువు.

మైదుకూరు సంతలో ఎవరో కొత్తవాళ్లు రైతుల దగ్గర ఎద్దులు కొన్నారు. నోట్లు ఇవ్వకుండా పాత వెండి రూపాయలు ఇచ్చారు. వెండి అనేసరికి రైతులు సంతోషంగా మూట కట్టుకున్నారు. వాటిలో ఒక రైతు, హనుమన్న అని ముసలాయన, పోయిన వారం మా అంగడికి ఆ మూట తెచ్చాడు. మా ఆయన ఒకటి గీటురాయి మీద గీశాడు. వెండి పైపూతే, లోపల సీసం. అన్నీ బోడిరాజు రూపాయలే. "ఇవి చెల్లవప్పా, నిన్నెవుడో ముంచినాడు" అని తిరిగి ఇచ్చేశాడు. ఆ ముసలాయన అంగడి మెట్లమీదే కూలబడ్డాడు. "ఎద్దులు పాయె, దుడ్లూ పాయె" అని గుండెలు బాదుకున్నాడు. మా ఆయనే అతన్ని లేపి, నీళ్లిచ్చి, పోలీసుల దగ్గరికి పంపాడు.

మేలు చేశామనుకున్నాం వదినా. మూడోనాడు ఇన్‌స్పెక్టరు మా అంగడికే వచ్చాడు. వీధిలో ఒక మాట పుట్టి ఆయన చెవిదాకా పోయింది. "ప్రమీలమ్మ ఇంట్లో రూపాయి అచ్చు ఉండాది. నా చేతిమీదే రాజు బొమ్మ కొట్టి ఇచ్చింది." వెంకటేశ్వరమ్మ చెడ్డమనిషి కాదు. ముచ్చటగా ఎవరితోనో చెప్పి ఉంటుంది. అచ్చుతప్పు రూపాయిని నేను అచ్చు రూపాయి చేశాను, ఆమె రూపాయి అచ్చు చేసింది.

ఇన్‌స్పెక్టరు అడిగాడు. "అచ్చు యాడ పెట్టినావు?"

మా ఆయనకు నీ రూపాయి గుర్తే రాలేదు. దాన్ని ఆయన ఏనాడూ అచ్చు అనుకోలేదు కదా. "అచ్చు గిచ్చు మా కాడ ల్యా సార్. మేము కరిగించేటోళ్లమే గానీ కొట్టేటోళ్లము కాదు" అన్నాడు. ఇంటికొచ్చి నాకు చెప్పాక ఇద్దరికీ తట్టింది. ఒకసారి లేదని చెప్పినదాన్ని ఇప్పుడు ఎలా చూపించేది? చూపిస్తే దొంగతనం ఒప్పుకున్నట్టే ఉంటుంది. లోపలికి దిగిన ముఖం చూసినవాడు ఎవడైనా అచ్చు కాదంటాడా?

అంగడికి తాళం పడింది. కుంపటి, వెండి కరిగించే మూసలు పట్టుకుపోయారు. ఇల్లంతా వెతికారు. రూపాయి పసుపు డబ్బా అడుగున ఉంది. జవాను మూత తీసి చూసి, చెయ్యి పసుపవుతుందని మానేశాడు. మా ఆయన్ను పొద్దున పిలిపించుకుంటారు, సాయంత్రం పంపిస్తారు. ఏదో ఒకరోజు పంపించరు. కేసు రాస్తే జైలేనట.

ఏం చెయ్యమంటావు?

ప్రమీల.

కర్నూలు,
24 సెప్టెంబరు 1955.

ప్రమీలా,

నీ జాబు అందింది. మన సంగతి అని చెప్పకుండా సుందరం గారిని అడిగాను. దొంగ నాణెం కొట్టినవాడికే కాదు, అచ్చు దగ్గర పెట్టుకున్నవాడికి కూడా శిక్ష ఉందట.

దాన్ని కరిగించు. మీ కుంపటి లేకపోతే కంసాలి ఆచారి చేత చేయించు. ఆ వెండిని ఇంట్లో ఉంచవద్దు.

అది కర్నూలు నుంచి వచ్చిందని ఎవరికీ చెప్పకు. మీ అన్నకు కాగితాల సరఫరా పని ఈ నెలలోనే తేలుతుంది. ఈ సమయంలో పోలీసులు మా గడప తొక్కితే ఆ పని రాదు సరికదా ఉన్న అంగడి కూడా మూతపడుతుంది. అందుకే మీ అన్నకు ఇంతవరకు ఏమీ చెప్పలేదు. ఎవరైనా గట్టిగా అడిగితే అంగడికి వచ్చిన పాతవెండిలో దొరికిందని చెప్పు.

ఈ జాబు చదవగానే కాల్చెయ్యి.

సుందరలక్ష్మి.

కడప,
1 అక్టోబరు 1955.

శ్రీమతి సుందరలక్ష్మి వదినగారికి ప్రమీల నమస్కారములు.

మీ జాబు చేరింది. ఆ వస్తువును ఆచారి చేతికి ఇచ్చాను. అది ఇప్పుడు రూపాయిగా లేదు. మీరు నిశ్చింతగా ఉండవచ్చు.

మీ పేరు గానీ, మా అన్న పేరు గానీ నా నోట రాలేదు, రాదు. మా ఆయన నోట కూడా రాలేదు. సోమవారం నుంచి ఆయన్ను ఇంటికి పంపడం లేదు. అన్నం క్యారియరు నేనే తీసుకుపోతున్నాను. ఒకరోజు లోపలికి తీసుకున్నారు, ఒకరోజు తీసుకోలేదు.

అన్నకు సరఫరా పని వచ్చిందని ఆశిస్తాను.

ఇట్లు,
ప్రమీలమ్మ.

కర్నూలు,
10 అక్టోబరు 1955.

ప్రమీలా,

నీ జాబులో "మీరు" అని ఉంది. అది చదివాక నాకు అన్నం సహించలేదు. దాని గురించి ఇప్పుడు రాయను. అంతకంటే ముఖ్యమైనది ఉంది.

శేషన్న పనిమీద మైదుకూరు వెళుతుంటే, మోసపోయిన రైతుల దగ్గర ఆ దొంగ రూపాయి ఒకటి అడిగి తెమ్మన్నాను. నిన్న తెచ్చాడు. వంటింటి కిటికీ దగ్గర కూర్చుని, నా దగ్గరున్న నిజమైన బోడిరాజు రూపాయి పక్కన పెట్టి చూశాను. పోత పోసిన నాణెం. అక్షరాలు మొద్దుగా ఉన్నాయి, అంచు మీద ఆకురాయితో రుద్దిన గీతలున్నాయి. కానీ ప్రమీలా, రాజు తల పూర్తిగా ఉంది. వెనకభాగం ఉంది. దాని పక్కన ఇంగ్లీషులో రాజు పేరు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా ఉంది.

నీకు అర్థమైందా? శ్రావణంలో నువ్వు రాసిన జాబు తీసి మళ్లీ చదివాను. మీరంతా నవ్వింది దేనికి? చలిమిడి మీద పడిన రాజుకు బుర్ర లేదని. మన రూపాయితో అచ్చు వేస్తే బుర్రలేని రాజే వస్తాడు. ఆ పక్క అక్షరాలు రానే రావు. ఎన్నిసార్లు వేసినా అంతే. మైదుకూరు రూపాయలు దానితో చేసినవి కావని ఎవరి కంటికైనా తెలుస్తుంది. పైగా దొంగ రూపాయికి బొరుసు కూడా ఉంది. బొరుసుకు అచ్చు ఎక్కడినుంచి వస్తుంది?

అన్నయ్యను బయటికి తెచ్చే సాక్ష్యం మన చేతిలోనే ఉండింది. దాన్ని కరిగించమన్నది నేను.

ఆచారి నిజంగా కరిగించేశాడా? సగమైనా మిగిలిందా? పేరంటానికి వచ్చినవాళ్లలో బుర్రలేని రాజు సంగతి గుర్తున్నవాళ్లు ఎవరైనా వచ్చి చెబుతారా? చలిమిడి తినేశారు, రూపాయి కరిగిపోయింది, మాట ఒక్కటే మిగిలింది. మాటను ఇన్‌స్పెక్టరు నమ్ముతాడా? వెంటనే రాయి.

సుందరలక్ష్మి.

కర్నూలు,
17 అక్టోబరు 1955.

ప్రమీలా,

జవాబు రాలేదు. పోస్టుమాన్ వీధి మలుపు తిరిగితే చాలు వాకిట్లోకి వస్తున్నాను.

మీ అన్నకు అంతా చెప్పాను. నిన్ను ఏం చెయ్యమన్నదీ, ఏం దాచమన్నదీ కూడా.  "నా చెల్లెలు నీకు రాసింది, నువ్వు నాకు చెప్పలేదు" అన్నాడు. అంతే. భోజనానికి రాలేదు.

శుక్రవారం బస్సుకు ఇద్దరం బయలుదేరుతున్నాము. ఆ రూపాయి మా పిన్నమ్మ ఇంటిదని, నేనే పంపానని ఇన్‌స్పెక్టరు ముందు చెబుతాను. నమ్మినా నమ్మకపోయినా చెబుతాను. సరఫరా పని సంగతి తర్వాత.

సుందరలక్ష్మి.

కడప,
19 అక్టోబరు 1955.

వదినకు ప్రమీల నమస్కారాలు.

ఈ జాబును మైదుకూరు మీదుగా కర్నూలు వెళ్లే మనిషి చేతికి ఇస్తున్నాను, మీరిద్దరూ బస్సెక్కకముందే అందాలని. కంగారు పడకండి. ఆయన ఇంట్లో ఉన్నాడు. నిద్రపోతున్నాడు.

ఇప్పుడు నీకు నిజం చెప్పాలి. అది రూపాయిగా లేదని రాశాను. కరిగిపోయిందని రాయలేదు. మళ్లీ చదువుకో.

కరిగిద్దామనే పట్టుకుపోయాను. ఆచారి కుంపటి రాజేశాడు. మూసలో వెయ్యబోతూ "ఏమ్మా, ఏసేదా?" అన్నాడు. అప్పుడు నాకు ఒకటి తోచింది. ఇది పోయాక అలాంటి వస్తువే మా ఇంట్లో లేదని జీవితమంతా చెప్పాలి. వీధిలో ప్రతి ఇల్లాలూ ఆ చలిమిడి తిన్నది. నా మాట అబద్ధమని చెప్పడానికి వీధి నిండా సాక్షులుంటారు. లేదని చెప్పి ఆయన ఇరుక్కున్నాడు. నేనూ లేదనే చెబితే ఎలా? ఇంకొక సంగతి కూడా దాచను. నీ మీద నాకు మండిపోయింది. నువ్వు చెప్పింది చెయ్యబుద్ధి కాలేదు.

"వద్దులే ఆచారీ. కొక్కెం అతికించి డాలరు చేసియ్యి" అన్నాను. అతికించాడు. నల్లపూసల్లో గుచ్చి, పుస్తెల పక్కన వేసుకుని పైట కప్పుకున్నాను. మళ్లీ ఇల్లు వెతికారు. పసుపు డబ్బా ఈసారి బోర్లించారు. పెళ్లైన ఆడదాని మెడ ఎవరు వెతుకుతారు?

కానీ దాన్ని ఏం చేసుకోవాలో నాకు తెలియలేదు. మెడలో బరువు మోస్తూ క్యారియరు పట్టుకుని తిరిగాను. నీ పదో తేదీ జాబు వచ్చేదాకా అంతే. అది చదివి వంటింట్లోకి పోయి బియ్యం నానబోశాను.

మర్నాడు చలిమిడి డబ్బాలో పెట్టుకుని వెంకటేశ్వరమ్మ ఇంటికి పోయాను. నన్ను చూసి ఆమె ముఖం తెల్లబోయింది. "అక్కా, నేను నీకు చెరుపు జెయ్యాలని అనలేదు. అమ్మతోడు" అని ఏడ్చింది.

"ఏడ్చేది తర్వాత. చెప్పుల్లో కాళ్లు పెట్టు. ఆ పొద్దు నగినావు గదా, అది ఈ పొద్దు వచ్చి చెప్పు."

స్టేషన్లోకి ఇద్దరు ఆడవాళ్లం పోతే జవాన్లు లేచి నిలబడ్డారు. ఇన్‌స్పెక్టరు తల ఎత్తలేదు.

"క్యారియరు ఆడ పెట్టి పోమ్మా."

"క్యారియరు కాదు సార్. మీరు ఎతుకుతాండే అచ్చు తెచ్చినా."

అప్పుడు ఎత్తాడు. నేను నల్లపూసలు తీసి బల్ల మీద పెట్టాను. ఆయన అటూ ఇటూ తిప్పాడు. గుంట చూశాడు. ముఖం మారిపోయింది. వదినా, ఆ క్షణం తప్పు చేశాననుకున్నాను. నా చేతులతో ఆయన్ను జైలుకు పంపుతున్నాననుకున్నాను.

"ఇదే గదమ్మా అచ్చు! ఇన్నాళ్లూ మెడలో పెట్టుకుని తిరుగుతాండావా? ఎంత ధైర్యము!"

"అచ్చయితే అచ్చేసి చూడండి సార్" అని డబ్బా మూత తీశాను.

"ఏందిది?"

"చలిమిడి."

జవాను ఒకడు కిసుక్కుమన్నాడు. ఇన్‌స్పెక్టరు వాడివైపు చూసి, తర్వాత నావైపు చూసి, ముద్ద అదిమి రూపాయి నొక్కాడు. తీశాడు.

"మీ కాడుండే దొంగ రూపాయి దీని పక్కన పెట్టండి సార్."

పెట్టాడు. చాలాసేపు చూశాడు. ఒక పక్క రాజుకు తల నిండుగా ఉంది. ఇంకొక పక్క బుర్ర లేదు, ఆ పక్క అక్షరాలు లేవు. వెంకటేశ్వరమ్మ అంతదాకా నా వెనకాల దాక్కుంది. ఉన్నట్టుండి ముందుకు వచ్చింది.

"ఆ పొద్దు గూడా ఇట్లే వచ్చె సార్. చవరం చేసినోడు బుర్ర గొరిగేసినాడని నేనే అన్నా. మా వీధిలో ఎవుర్నైనా అడగండి, అందరం తిన్నాము."

"మళ్ల అచ్చని ఊరంతా చెప్పింది ఎవురమ్మా?"

"అదీ నేనే సార్."

ఇన్‌స్పెక్టరు అంత తొందరగా నమ్మే మనిషి కాదు. ఇంకొక ముద్ద తీసి ఇంకొకసారి నొక్కాడు, గట్టిగా. మళ్లీ బుర్రలేని రాజే. "బొరుసు యాడ? దీని బొరుసు అచ్చు యాడ పెట్టినారు?" అన్నాడు.

"దీనికి బొరుసే ల్యా సార్. అదే దీని ఇచిత్రము. ఠంకశాలోళ్లు చేసిన తప్పు. దీని పేరు అచ్చుతప్పు రూపాయి. నేను 'తప్పు' అనే మాట మింగేసినందుకు ఆ తప్పంతా మా ఇంటాయన మీదికి వచ్చె."

ఎక్కడిదని అడిగాడు. మా వాళ్లదని చెప్పాను. ఏ ఊరని మళ్లీ అడిగాడు. నేను నేల చూస్తూ నిలబడ్డాను. ఆయన ఇంకా అడిగేవాడే. రూపాయిని తిప్పుతుంటే కొక్కెం వేలికి తగిలింది. "ఎవుడైనా దుడ్లు కొట్టే అచ్చుకు కొక్కెం ఏయిస్తాడా!" అని తనలో తనే అనుకున్నాడు.

ఆరోజు వదలలేదు. ఆ చలిమిడి ముద్దల్ని ఒక పళ్లెంలో పెట్టి, చీమలు పట్టకుండా చుట్టూ నీళ్లు పోయించాడు. పైవాళ్లకు చూపించాలట. గీటురాయి మీద గీసి అవి దొంగ రూపాయలని మొదట చెప్పింది మా ఆయనేనని హనుమన్న చేత మళ్లీ చెప్పించాడు. మూడు రోజులకు అంగడి తాళం చేతికిచ్చి పంపాడు. డాలరు కూడా తిరిగి ఇచ్చాడు.

నీ రెండో జాబు ఈ పొద్దున వచ్చింది. అన్నకు చెప్పావని చదివాను.

నువ్వు కాల్చమన్న జాబు ఇందులో పెట్టాను. కాల్చడానికీ మనసు రాలేదు, దాచుకోవడానికీ రాలేదు. నీది నీకే పంపుతున్నాను.

రూపాయి మాత్రం పాడైపోయింది వదినా. కొక్కెం అతికిన చోట వెండి కరిగి రాజు ముక్కు మీదికి కారింది. ఇక దాన్ని ఏ నాణేల మనిషీ ముట్టుకోడు. వీధిలో ఆడవాళ్లు ఇంకా నా మెడవైపే చూస్తున్నారు. నీళ్ల దగ్గర మాటలు ఆపేస్తున్నారు. తీసేస్తే భయపడి తీసేసిందంటారు. అందుకే వేసుకునే ఉన్నాను.

దీపావళికి అంగడిలో లక్ష్మీపూజ పెట్టుకున్నాము. తాళం తీశాక మొదటి పూజ. నువ్వు రావాలనుకుంటే రా.

ప్రమీల.

కర్నూలు,
5 నవంబరు 1955.

చిరంజీవి సౌభాగ్యవతి ప్రమీలకు మీ వదిన దీవెనలు.

నా జాబు నాకు చేరింది. దాన్ని కాల్చలేదు. నువ్వు పంపిన జాబులన్నీ పెట్టుకునే పెట్టెలో వాటిపైన పెట్టాను. పెట్టె తెరిచినప్పుడల్లా మొదట అదే కనబడుతుంది. కనబడనీ.

సరఫరా పని మీ అన్నకు సగం వచ్చింది, సగం ఇంకొకరికి పోయింది. ఆయన ఇప్పుడు నాతో మాట్లాడుతున్నాడు, భోజనం సమయంలో ఉప్పు, మజ్జిగ గురించి.

సుందరం గారికి నీ రూపాయి కథంతా చెప్పాను. కొక్కెం అనగానే ఆయన తల పట్టుకున్నారు. "అయ్యో! ఎంత అపురూపమైన నాణెమండీ. అతికింపు పడ్డాక ఇంకేముంది!" అన్నారు.  లోపలికి పోయి, పదేళ్లు నేను ఆశపడ్డ డాలరు పెట్టెలోంచి తీశాను. ఆడమనిషి తల ఒకవైపు, గద్ద ఒకవైపు. ఇన్నాళ్లూ దూదిలోంచి తీస్తే అంచులు తప్ప ముట్టుకోలేదు. దాన్ని కొంగున ముడివేసుకుని పాతబస్తీలో మన కంసాలి దగ్గరికి వెళ్లాను.

"కొక్కెం అతికించు" అన్నాను.

ఆయన అద్దం పెట్టి చూసి, "యాడిదమ్మా ఇది? దొర దేశపు వస్తువు మాదిరుండాది. అతికిస్తే పాడైపోతాది. తెలిసే చేయిస్తాండావా?" అన్నాడు.

తెలిసే చేయిస్తున్నానని చెప్పాను. ఏసుమణికి నువ్వే చెప్పు, ఆమె డాలరు పెట్టెలో నల్లబడటం లేదని.

దీపావళికి ముందురోజు సాయంత్రం బస్సుకు వస్తాము. పూజకు చలిమిడి నేనే చేస్తాను. పేరంటానికి వీధిలో అందరినీ పిలువు, వెంకటేశ్వరమ్మను ముందు పిలువు. వాళ్లు నీ మెడవైపు చూస్తే పక్కనే నా మెడవైపు కూడా చూడవలసి వస్తుంది. ఏమిటది అని అడిగితే నేను చెబుతాను, డాలరు అని. ఈసారి ఆ మాటలో ఏ తప్పూ లేదు.

అన్నయ్యకు నమస్కారాలు చెప్పు. ఆయన ముఖం చూసి ఏం మాట్లాడాలో బస్సులో ఆలోచించుకుంటాను.

మీ వదిన,
సుందరలక్ష్మి.

మళ్లీ: పూజకు వేసుకునేది కదా అని దాన్ని చింతపండుతో తోమాను. చాలా బాగా మెరుస్తోంది.